అమెరికా దారి ఎక్కడ మళ్ళింది: 2003 బాగ్దాద్‌లోనా, 2008 బ్యాంకుల దగ్గరా?

పాత పత్రిక:
ఈ పాతికేళ్ళ అమెరికా రాజకీయాల్లో అసలు మలుపు ఏది అని మా అబ్బాయి ఇంట్లో వారం రోజులుగా వాదన నడుస్తోంది. ఇక్కడి మిత్రులు ఏమంటారో వినాలని ఉంది. నా మట్టుకు నాది ఒకటే మాట. 2003 మార్చిలో ఇరాక్ మీద దండెత్తిన రోజు. మిగతావన్నీ దాని వెంట నడిచి వచ్చినవే.

ఒక్క రాత్రి గుర్తు చేస్తాను. 2016 ఫిబ్రవరి 13, సౌత్ కరొలైనాలోని గ్రీన్‌విల్, అధ్యక్ష పదవికి పోటీపడే రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ. మాజీ సైనికులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం, బుష్ కుటుంబానికి అండగా నిలిచిన రాష్ట్రం. అక్కడ, యుద్ధం మొదలుపెట్టిన అధ్యక్షుడు జార్జ్ బుష్ తమ్ముడు జెబ్ బుష్ ఎదుటే ట్రంప్ ఇరాక్ యుద్ధం పెద్ద తప్పు అన్నాడు, ఇరాక్ దగ్గర సామూహిక మారణాయుధాలున్నాయని అబద్ధం చెప్పారన్నాడు. సభ అరుపులతో అట్టుడికింది. సరిగ్గా వారానికి అదే రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో ట్రంప్ గెలిచాడు. ఆ రాత్రే జెబ్ బుష్ పోటీ నుంచి తప్పుకున్నాడు.

రెండో పార్టీ, డెమొక్రాట్ల కథా అంతే. 2002 అక్టోబరులో సెనేట్ 77-23 ఓట్లతో యుద్ధానికి అనుమతి ఇచ్చింది. సరేనన్న వారిలో హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ, జో బైడెన్ ఉన్నారు. అదే నెల 2న షికాగోలో ఒక సభలో ఇల్లినాయ్ రాష్ట్ర చట్టసభ సభ్యుడు ఒకాయన ఈ యుద్ధం తెలివితక్కువ పని అని చెప్పాడు. ఆయన ఒబామా. ఆరేళ్ళ తర్వాత ఆ తేడానే పెట్టుబడిగా పెట్టి క్లింటన్‌ను దాటి వెళ్ళాడు. రెండు పార్టీల్లోనూ పాత పెద్దల మాట చెల్లకుండా పోయింది ఒక్క యుద్ధం వల్ల.

మిషిగన్ మంచు:
పెద్దాయనా, మీరు చెప్పిన తేదీలన్నీ సరైనవే. కానీ ఓటరు తేదీలు చూసి ఓటు వేయడు. తన ఇల్లు, తన జీతం చూసి వేస్తాడు. మలుపు 2008 సెప్టెంబరు.

15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. మరునాడే ఏఐజీ అనే బీమా సంస్థకు ప్రభుత్వం వైపు నుంచి 8,500 కోట్ల డాలర్ల అప్పు. 29న బ్యాంకుల సహాయ బిల్లును ప్రతినిధుల సభ 228-205తో తిప్పికొట్టింది. ఆ రోజే షేర్ మార్కెట్ డౌ సూచీ 777 పాయింట్లు పడిపోయింది. నాలుగు రోజుల్లో అదే సభ మనసు మార్చుకుని 70,000 కోట్ల డాలర్లకు సరేనంది. మరుసటి మార్చిలో అదే ఏఐజీ తన వాళ్ళకు 16.5 కోట్ల డాలర్ల బోనస్ పంచింది. వాల్‌స్ట్రీట్ పెద్ద బ్యాంకుల అధిపతుల్లో ఒక్కరూ జైలుకు పోలేదు. ప్రభుత్వ ఖర్చు మీద తిరగబడ్డ సంప్రదాయవాదుల ఉద్యమం టీ పార్టీ పుట్టింది అప్పుడే. 2010లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 63 స్థానాలు అదనంగా గెలిచింది ఆ కోపంతోనే. 2011లో వాల్‌స్ట్రీట్‌కు వ్యతిరేకంగా న్యూయార్క్ జుకోటి పార్కులో గుడారాలు వేసిన వాళ్ళదీ ఆ కోపమే.

నేను చూసింది కూడా చెప్తాను. డెట్రాయిట్ పక్క ఊరిలో కార్ల విడిభాగాల కంపెనీలో పని చేసేవాణ్ణి. 2009 మార్చిలో తీసేశారు. హెచ్‌1బి మీద ఉన్నవాడికి ఇప్పుడున్న 60 రోజుల గడువు కూడా అప్పట్లో లేదు. అది 2017లో వచ్చింది. ఉద్యోగం పోయిన మరునాటి నుంచే దేశంలో ఉండటానికి లెక్క లేదు. మా పక్కింటాయన 22 ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో పని చేసిన మనిషి. ఆయన ఇల్లు బ్యాంకు తీసుకుంది. ఒక పొద్దున లేచి చూస్తే సామాను మొత్తం మంచు మీద ఉంది. పసుపు రిబ్బన్ కట్టిన మేపుల్ చెట్టు కింద ఫ్రిజ్ నిలబెట్టి ఉంది. దాని తలుపు మీద చిన్నపిల్ల గీసిన బొమ్మలు అయస్కాంతాలతో అలాగే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. ఆ ఫ్రిజ్ చూసినవాడికి బాగ్దాద్ గుర్తు రాదు.

తుంగభద్ర:
ఒక్క సవరణ. ట్రంప్ యుద్ధాన్ని వ్యతిరేకించాడన్నట్టు రాశారు. 2002 సెప్టెంబరు 11న హోవర్డ్ స్టర్న్ రేడియో కార్యక్రమంలో ఇరాక్ మీదికి వెళ్ళడం సమ్మతమేనా అని అడిగితే, అవుననే అనుకుంటాను అన్నాడు.

పాత పత్రిక:
తుంగభద్ర గారూ, వ్యతిరేకించాడని నేను రాయలేదు. 2016లో ఏమన్నాడో రాశాను.

మిషిగన్ మంచు గారికి: మీ కష్టం చదివి బాధ కలిగింది. కానీ ఒక లెక్క కుదరడం లేదు. 2008 కోపమే మలుపైతే మీ మిషిగన్ 2012లో మళ్ళీ ఒబామాకే ఎందుకు వేసింది? అదీ తొమ్మిది శాతానికి పైగా తేడాతో! 2016లోనేమో కేవలం 10,704 ఓట్లతో ట్రంప్ వైపు మళ్ళింది. బ్యాంకుల మీద కోపానికి ఎనిమిదేళ్ళు ఆగాల్సిన పని ఏముంది?

నీలాకాశం:
ఇద్దరూ ఆలస్యంగా మొదలుపెట్టారు. 2001 డిసెంబరు 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. మిషిగన్ ఫ్యాక్టరీల కథ అక్కడ మొదలవుతుంది.

మిషిగన్ మంచు:
2012లో ఒబామాకు వేసింది కార్ల కంపెనీలను ఆదుకున్నందుకు. ఆయన ప్రత్యర్థి రామ్నీ ఆ సాయం వద్దన్నాడు. అంటే ఓటు పడింది ఫ్యాక్టరీ మీదే కదా! మీ ప్రశ్నే నా జవాబు.

తుంగభద్ర:
రాయలేదు సరే. చదివినవాడికి ఏమి అర్థమవుతుంది? మొదటి నుంచీ వద్దన్నానని ఆయన 2016 అంతా చెప్పుకున్నాడు. ఆ అబద్ధాన్ని సరిచేయకుండా వదిలేస్తే మీరూ దాన్ని మోసినట్టే. సౌత్ కరొలైనాలోది నిజం వల్ల గెలిచిన గెలుపు కాదు, ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం గెలిచిన గెలుపు.

పాత పత్రిక:
అబద్ధమో నిజమో, ఓటర్లు వినడానికి సిద్ధంగా ఉన్నారన్నదే నా మాట. ఎందుకు సిద్ధంగా ఉన్నారో ఆలోచించండి. ఆ రేడియో ముక్క చుట్టూనే ఎంతసేపు తిరుగుతాం?

తుంగభద్ర:
నిర్ధారణ అయిన సంగతి ఒకటి ఉంటే దాని చుట్టూనే తిరగాలి.

కృష్ణాతీరం:
2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో మన హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపినవాడు ఆ రాత్రి ఏమని చెప్పుకున్నాడో గుర్తుందా? ఇద్దరు ఇరానీయులను కాల్చానన్నాడు. మిషిగన్ గారూ, కోపం బ్యాంకుల మీదైతే తుపాకీ మన వైపు ఎందుకు తిరిగింది?

మిషిగన్ మంచు:
ఒక ఉన్మాది చేసిన పనిని ఎన్నికల చర్చలోకి తేవద్దు. పోయినవాడు మనందరి బిడ్డ. ఆయనను వాదనకు వాడుకోవద్దని వేడుకుంటున్నాను.

రాజంపేట:
రెండు రోజులుగా చదువుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ ఇరాక్‌లో ఎవరు చచ్చారో మాట్లాడలేదు. గ్రీన్‌విల్ మాట్లాడారు, డెట్రాయిట్ మాట్లాడారు, రేడియో మాట్లాడారు. మలుపు అంటే మీ అందరికీ అమెరికా ఓటరు ఎటు తిరిగాడన్నదేనా?

మా అమ్మ అప్పుడు కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. మా ఊరిలో ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు అక్కడ ఉన్నవాళ్ళే. 2003 మార్చి 20న సైరన్లు మోగాయి. విషవాయువు వస్తుందని ఒక గదిలో కిటికీ సందులన్నీ ప్లాస్టిక్ పెట్టి టేపుతో మూశారు. అంటించింది అమ్మే. ఇంటివాళ్ళకు తలా ఒక ముసుగు ఉంది. అమ్మకు లేదు. తడి తువ్వాలు ఇచ్చి మూతికి కట్టుకోమన్నారు. సైరన్ మోగినప్పుడు ఆ గదిలోకి అందరూ వెళ్ళేవాళ్ళు, అమ్మ తలుపు దగ్గర కూర్చునేది. 29న క్షిపణి ఒకటి సముద్రం ఒడ్డున షాపింగ్ మాల్ దగ్గర పడింది. నాకు పదమూడేళ్ళు. ఎస్టీడీ బూత్‌లో ఆమె ఫోను కోసం రాత్రి దాకా కూర్చున్నాను. మూడు నిమిషాలు మాట్లాడింది. రెండు నిమిషాలు నేను అన్నం తిన్నానా లేదా అని అడగడానికే అయిపోయాయి.

విషవాయువు రాలేదు. రావడానికి అసలు లేదు. అది 2004లో అమెరికా పంపిన పరిశోధకులే తేల్చారు. లేనిదాని కోసం మా అమ్మ మూతికి తువ్వాలు కట్టుకుంది. బాగ్దాద్‌లో లేనిదాని కోసం ఎంత మంది పోయారో మీరే చెప్పండి. ఫ్రిజ్ మంచులో ఉందని బాధపడుతున్నారు.

మిషిగన్ మంచు:
మీ అమ్మగారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ చివరి వాక్యం రాయకుండా ఉండాల్సింది. నేను ఎవరి బాధనూ తక్కువ చేయలేదు. ప్రశ్న అమెరికా రాజకీయాల గురించి అడిగారు కాబట్టి అమెరికా రాజకీయాల గురించి చెప్పాను.

రాజంపేట:
2003లో మీరు అక్కడే ఉన్నారు కదా! మీరంతా ఇళ్ళకు, కార్లకు జెండాలు కట్టుకుని సంబరాలు చేసుకున్నారు. మా మామయ్య టెక్సాస్ నుంచి ఫోటో పంపాడు. కారుకు రెండు వైపులా రెండు జెండాలు. అది మలుపు అని ఒప్పుకుంటే ఆ జెండా మాట కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకే 2008 అంటున్నారు.

మిషిగన్ మంచు:
అవును, కట్టాను. రెండు కాదు, ఒకటి. ఎందుకు కట్టానో వినండి. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మెసాలో తలపాగా ఉన్న సిక్కు పెద్దమనిషిని పెట్రోలు బంకు ముందు కాల్చి చంపారు. మరునాడు మా ఆవిడ బొట్టు తీసేసి దుకాణానికి వెళ్ళింది. నేను అద్దానికి జెండా అంటించాను. దానికి సంబరం అని పేరు పెట్టకండి. అది భయం.

2003లో ఆఫీసులో అందరూ టీవీ ముందు నిలబడితే నేనూ నిలబడ్డాను. ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఇరాక్ విషక్రిముల ఆయుధాల గురించి చెబుతూ చిన్న సీసా పట్టుకుని చూపించినప్పుడు నమ్మాను. ఆయనంతటివాడు అబద్ధం చెప్తాడని ఎవరు అనుకుంటారు? నమ్మినవాడు నేరస్థుడా? మోసపోయాం. ఈ దేశం మొత్తం మోసపోయింది. మోసపోయామని జనానికి ఒంటికి తగిలి తెలిసింది మాత్రం 2008లోనే.

పాత పత్రిక:
ఇప్పుడు అసలు మాట దగ్గరికి వచ్చాం. నేను ఒప్పుకోలేనిది ఈ 'మోసపోయాం' అన్నదే.

మిషిగన్ గారూ, మీ రాష్ట్రం సంగతే చూడండి. 2002లో మీ ఇద్దరు సెనేటర్లు కార్ల్ లెవిన్, డెబ్బీ స్టాబెనౌ. ఇద్దరూ వద్దనే ఓటు వేశారు. లెవిన్ అప్పుడు సైన్యం వ్యవహారాలు చూసే సెనేట్ సంఘానికి అధ్యక్షుడు, రహస్య పత్రాలు చూడగలిగిన మనిషి. ముందు ఐక్యరాజ్యసమితి అనుమతి తీసుకోండి అని సవరణ పెట్టాడు. 24-75తో ఓడగొట్టారు. ప్రతినిధుల సభలో 133 మంది వద్దన్నారు. అంతకు ముందే, 2001లో, సెప్టెంబరు 11 దాడుల తర్వాత సైనిక బలం వాడే అనుమతి ఓటుకు వచ్చినప్పుడు అదే సభ సభ్యురాలు బార్బరా లీ 420 మందికి ఎదురు నిలిచి ఒక్కతే వద్దంది. ఇంత మందికి తెలిసినప్పుడు మిగతావాళ్ళు మోసపోయారని ఎలా అంటాం? వినదలుచుకోలేదు, అంతే. అందుకే నాకు 2003 పెద్దది. 2008లో జనం చేతుల్లో ఏమీ లేదు. 2003లో ఉంది.

మిషిగన్ మంచు:
లెవిన్ ఏమన్నాడో నాకు అప్పుడు తెలియదు. నేను ఓటరును కూడా కాను. వీసా మీద ఉన్నవాణ్ణి, ఏ సవరణ చూడను? మీరు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎవరు వినాలో ఎవరు వినకూడదో తీర్పు చెప్తున్నారు. ఉద్యోగం కోసం తల వంచుకుని బతికినవాణ్ణి అడగండి.

తుంగభద్ర:
మిషిగన్ గారి మాట ట్రంప్‌కూ వర్తిస్తుంది అంటారా? ఆయన తల వంచుకున్న మనిషి కాదు. అయినా యుద్ధానికి సరేనన్నాడు.

నీలాకాశం:
మరి 2021 ఆగస్టు 26? ఆఫ్ఘనిస్తాన్ నుంచి అమెరికా సైన్యం వెళ్ళిపోతుండగా కాబూల్ విమానాశ్రయం గేటు దగ్గర 13 మంది అమెరికా సైనికులు పోయారు. బైడెన్ మీద జనం నమ్మకం ఆ నెల పడిపోయి మళ్ళీ లేవలేదు. ఇరవై ఏళ్ళ యుద్ధాల బిల్లు అక్కడ చేతికి వచ్చింది.

రాజంపేట:
మిషిగన్ గారూ, ఫ్రిజ్ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరు రాసింది మళ్ళీ చదివాను. మీ పక్కింటాయన పెరట్లో చెట్టుకు పసుపు రిబ్బన్ ఉందన్నారు. సైనికుల కోసం కడతారని విన్నాను. అది ఎవరి కోసం కట్టారు?

మిషిగన్ మంచు:
వాళ్ళ అబ్బాయి కోసం. రెండు సార్లు ఇరాక్ వెళ్ళాడు. రెండోసారి మోసుల్ దగ్గర చెవి దెబ్బతిని 2008 వేసవిలో తిరిగి వచ్చాడు. రిబ్బన్ విప్పడం ఎవరికీ గుర్తు లేదు. సామాను బయట పెట్టిన రోజు ఫ్రిజ్‌కు ఒక వైపు పట్టుకున్నది అతనే, రెండో వైపు నేను. బొమ్మలు గీసింది అతని కూతురు. తీయనా అని అడిగాను. వినపడలేదనుకుంటాను, ట్రక్కు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇది మొదటే రాయాల్సింది. రాయలేదు.