పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ నాటకాల రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ సినిమాలో మిసెస్ మూర్‌గా వేసిన బ్రిటిష్ నటి పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఆ పాత్రకు ఆస్కార్ అందుకునేనాటికి ఆమెకు 77 ఏళ్లు. ఆ సినిమా వచ్చిన 1984లోనే ‘ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్’ టీవీ సీరియల్‌లో మిషనరీ బార్బీగా చేశారు. ఆ ఒంటరి పెద్దావిడను చూశాక రెండు రోజులు నా మనసు మనసులో లేదు.

కానీ ఆమె బతుకంతా నాటకమే. పుట్టింది 1907లో, క్రాయిడన్‌లో. 1930లో లండన్ సవాయ్ థియేటర్‌లో షేక్స్‌పియర్ నాటకంలో పాల్ రోబ్సన్ ఒథెల్లో, ఈమె అతని భార్య డెస్డిమోనా. నల్లజాతి నటుడి సరసన వేసినందుకు ద్వేషంతో ఉత్తరాలు రాశారట, ఎంత అన్యాయం! 1963లో స్ట్రాట్‌ఫర్డ్‌లో, షేక్స్‌పియర్ చారిత్రక నాటకాలను కలిపి కూర్చిన ‘ద వార్స్ ఆఫ్ ద రోజెస్’లో క్వీన్ మార్గరెట్‌ను పడుచుపిల్ల నుంచి పండు ముసలి దాకా తనే పోషించారు. అప్పటికే ఆమెకు 50 దాటాయి.

బీబీసీ 1965లో ప్రసారం చేసిన ఆ నాటకం సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ దొరుకుతుంది? షేక్స్‌పియర్ ఇంగ్లీషు వినగానే అర్థం చేసుకోవడం నాకు కష్టం. ముందు నాటకం చదివి తర్వాత చూస్తే మంచిదా? ఆమె జీవితం మీద మంచి పుస్తకం ఏదైనా మీరు చదివి ఉంటే అది కూడా చెప్పండి.