నాచులో గాలం పట్టేయకుండా వీడ్ గార్డ్ పెట్టాలా, వద్దా?

సీతానగరం రేవు
అందరికీ నమస్కారం. ప్రకాశం బ్యారేజీకి పైన, మా ఒడ్డు వైపు నీళ్లు కదలని చోట అడుగంతా నాచే. కొన్ని చోట్ల పైన గుర్రపుడెక్క కూడా. గాలం వేసి లాగితే గుప్పెడు నాచు వస్తోంది, లేదా దారం తెగిపోతోంది. నేను వాడేది మామూలు నైలాన్ దారం, ఒంటి గాలం, గుండ్రటి సీసం, వానపాము ఎర. కొర్రమీను కోసమే చూస్తున్నాను. షాపులో ముల్లుకు అడ్డంగా సన్నటి తీగ ఉన్న గాలాలు చూపించారు, వీడ్ గార్డ్ అంటారట. అది పెడితే నాచు తగలదు గానీ చేప నోట్లో కూడా ముల్లు దిగదని మా బాబాయి అంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి.

బెజవాడ బ్రెయిడ్
తమ్ముడూ, ముందు నీ దగ్గర ఉన్నది ఏ మొక్కో చూసుకో. గుర్రపుడెక్క నీటి మీద తేలుతుంది, వేళ్లు కిందికి కుచ్చులుగా వేలాడతాయి. వాటి కింద నీళ్లు ఖాళీగా ఉంటాయి. అడుగున పాతుకున్న నాచు అలా కాదు, కింద నుంచి పైకి పెరుగుతుంది, చాలాచోట్ల దాని మీద ఒకటి రెండు అడుగుల నీళ్లు ఖాళీగా ఉంటాయి. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

గుర్రపుడెక్క మీదైతే రబ్బరు కప్ప వాడు. లోపల బోలుగా ఉంటుంది. రెండు ముళ్లూ పైకి తిరిగి కప్ప వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల మీద లాగినా జారుతూ వచ్చేస్తుంది. చేప కరిచినప్పుడు రబ్బరు లోపలికి నొక్కుకుపోయి ముళ్లు బయటపడతాయి. నీళ్లు ఎగిసిన చప్పుడు వినగానే లాగకు. కొర్రమీను కప్పను నోట్లోకి తీసుకునే దాకా ఆగి, దారం బిగిశాక గట్టిగా లాగు. దారం బ్రెయిడ్ ఉండాలి, అంటే సన్న పోగులను జడలా అల్లిన దారం. నైలాన్ సాగుతుంది, ఆకుల్లో చేప తల తిప్పేలోపు నువ్వు దాన్ని పైకి తేలేవు.

అడుగు నాచు మీదైతే మెత్తటి రబ్బరు పురుగును వంపు గాలానికి గుచ్చి, ముల్లు కొసను పురుగు ఒంట్లోనే దాచు. అప్పుడు నాచు తగలడానికి కొస బయట ఉండదు. తీగ గార్డు కూడా మంచిదే. మీ బాబాయి మాట పాతకాలం మాట.

కొమ్మమూరు కాలువ
బ్రెయిడ్ గారూ, ఆ అబ్బాయి అడిగింది వానపాము, ఒంటి గాలం గురించి. మీరు చెప్పేది కొత్త కర్ర, కొత్త దారం, కొత్త ఎర. ఇప్పుడు తన దగ్గర ఉన్న సామానుతో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను.

బాబూ, నీకు పట్టేసేది చాలాసార్లు ముల్లు కాదు, సీసం. గుండ్రటి సీసం నాచులో కూరుకుపోయి, లాగేటప్పుడు కాడలన్నీ కలిపి తెస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్న సీసం పెట్టు. దాన్ని అసలు దారానికి కట్టకుండా, అంతకంటే పలచటి చిన్న దారం ముక్కకు కట్టి వేలాడదీయి. ఇరుక్కుంటే ఆ ముక్క తెగి సీసం ఒక్కటే పోతుంది, గాలమూ చేపా నీ చేతికి వస్తాయి. ముందు గాలం లేకుండా సీసం మాత్రం వేసి లోతు చూసుకో. నాచు ఎంత ఎత్తు ఉందో తెలిశాక, ఎర దానికి జానెడు పైన ఆగేలా బెండు జరుపుకో. ఎర నాచులోకి దిగకపోతే పట్టేయడమనే మాటే రాదు.

గార్డు విషయంలో మాత్రం మీ బాబాయి చెప్పిందే నిజం. కొర్రమీను నోరు ఎముకలాంటి గట్టిది. అందులో ముల్లు దిగడమే కష్టం. మధ్యలో తీగ అడ్డం పెడితే నీ లాగుడులో సగం బలం తీగ వంచడానికే పోతుంది.

పెదకాకాని చెరువు
చిన్న రబ్బరు బ్యాండు చాలు. గాలం కన్ను దగ్గర నుంచి ముల్లు కొస దాకా తగిలించండి. చేప కరిస్తే జారిపోతుంది.

బెజవాడ బ్రెయిడ్
కొమ్మమూరు అన్నా, సీసం గురించి చెప్పింది బాగుంది, ఒప్పుకుంటాను. గార్డు మాట మాత్రం ఒప్పుకోను. తీగ ఎంత బిరుసుగా ఉందన్నదే అసలు సంగతి. బొటనవేలితో నొక్కితే తేలిగ్గా కిందికి వంగాలి, వదిలితే మళ్లీ పైకి లేవాలి. వంగకపోతే తీగ సగం కత్తిరించేయాలి. మందపాటి నైలాన్ ముక్కను గాలం కాడకు కట్టి కొస మీదికి వంచినా అదే పని చేస్తుంది. చేప తప్పిందంటే తప్పు గార్డుది కాదు, కొన్నది కొన్నట్టు వాడినవాళ్లది.

కొమ్మమూరు కాలువ
నేను వంచి చూసే వాడాను. దుగ్గిరాల దగ్గర కాలువ గట్టున తీగ గాలానికి మంచి చేప తగిలి, ఒడ్డుకు వచ్చాక నోరు తెరిచి వెళ్లిపోయింది. మరుసటి వారం అక్కడే, తీగ తీసేసిన గాలానికి అలాంటిదే పడింది. నాకు అది చాలు.

బెజవాడ బ్రెయిడ్
ఒక్క చేప తప్పితే గార్డు పనికిరాదని ఎలా తేలుస్తారు? మామూలు గాలం నుంచి మీకు చేప ఎప్పుడూ తప్పలేదా?

ఉండవల్లి
ఇదంతా ఎందుకు. కొడవలిని పొడుగాటి కర్రకు కట్టి బారెడు మేర నాచు కోసేయండి. రెండు రోజులాగి అక్కడ వేయండి.

వల ఇల్లు
ఇక్కడ ఎవరూ మాట్లాడని విషయం ఒకటి ఉంది. మాది వల మీద బతికే ఇల్లు. మీరు నాచులో తెంపుకుని వదిలేసిన గాలాలన్నీ ఎక్కడికి పోతాయి? మా వలకు తగులుకుంటాయి. పోయిన ఏడాది మా అన్నయ్య గుర్రపుడెక్క పక్కకు లాగుతుంటే అరచేతిలో మూడు ముళ్ల గాలం దిగింది. కాటన్ దారమైతే కుళ్లిపోయేది, మీ బ్రెయిడ్ దారం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పడవ మోటారు పంకాకు చుట్టుకుంటే కత్తితో కోయడానికి గంట పడుతుంది. చిరిగిన వలకు ఎవరూ డబ్బివ్వరు. గార్డు పెడతారో, కప్ప పెడతారో నాకు అనవసరం, నీళ్లలో వదిలి వెళ్లకండి.

బెజవాడ బ్రెయిడ్
మీ అన్నయ్యకు అలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ నేను చెప్పేది కూడా అదే కదా. ముల్లు నాచుకు తగలకపోతే తెంపాల్సిన పనే ఉండదు. బ్రెయిడ్ బలమైన దారం, అంత తేలిగ్గా తెగదు, కాబట్టి గాలం నీళ్లలో మిగలడం తక్కువ. మూడు ముళ్ల గాలాలు నాచులో వేయవద్దని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను. ఇరుక్కుంటే కర్రతో గుంజకుండా, దారం వదులు చేసి, నడిచి రెండో వైపుకు వెళ్లి అక్కడి నుంచి లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది. అందరినీ ఒకే గాటన కట్టకండి.

వల ఇల్లు
అందరినీ అనలేదు. దిగిన చేయి మాది కాబట్టి చెప్పాను.

కొమ్మమూరు కాలువ
బ్రెయిడ్ గారూ, మీరు ప్రతి మాటకూ సామాను గురించే జవాబిస్తున్నారు. అందుకే ఇప్పుడు సూటిగా చెబుతున్నాను. నాకు తీగతో తగవు లేదు. మీ రబ్బరు కప్పతోనే ఉంది. పోయిన వానాకాలం ఇక్కడే ఒకరు ఫోటో పెట్టారు. మా కాలువ పక్క డ్రెయిన్‌లో గుర్రపుడెక్క మధ్య ఎర్రగా ముద్దలా తిరుగుతున్న కొర్రమీను పిల్లలు, వాటి మీద నుంచి రబ్బరు కప్ప లాగి పట్టిన పెద్ద కొర్రమీను. అందరూ శభాష్ అన్నారు. ఆ పిల్లల సంగతి ఒక్కరైనా అడిగారా?

బెజవాడ బ్రెయిడ్
ఆ ఫోటో నాది. పేరు పెట్టి అడిగితే అప్పుడే జవాబు చెప్పేవాడిని. ఇన్ని రోజులు మనసులో పెట్టుకుని ఇప్పుడు తీగ మీద నెపం పెట్టి నన్ను అనడం ఏం పద్ధతి? చెరువుల్లో కరెంటు తీగ వేసి చిన్నా పెద్దా అన్నీ చంపేవాళ్లను ఏమీ అనరు. ఒక్క గాలంతో ఒక్క చేపను పట్టిన నేను మీకు దొరికానా?

కొమ్మమూరు కాలువ
కరెంటు పెట్టేవాడు ఈ చర్చలోకి వచ్చి సలహాలు ఇవ్వడు. మీరు ఇస్తున్నారు. కుర్రాళ్లు మీ మాట వింటారు. అందుకే మీతోనే చెప్పాలి.

కొర్రమీను నీళ్లలోని గాలి ఒక్కదానితో బతకదు, పైకి వచ్చి గాలి పీలుస్తుంది. అందుకే గుర్రపుడెక్క కమ్మేసి మిగతా చేపలు నిలవలేని చోట కూడా అది నిలుస్తుంది. అక్కడే మొక్కల మధ్య కాస్త ఖాళీ చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు పైకి తేలతాయి. పిల్లలయ్యాక వారాల తరబడి, ఎక్కువగా మగ చేప, వాటి కిందే కాపలా తిరుగుతుంది. దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది. అప్పుడు అది ఆకలికి కరవడం లేదు. మీ రబ్బరు కప్పను పిల్లలను తినడానికి వచ్చిన కప్ప అనుకుని తరమడానికి కరుస్తోంది. దాన్ని మీరు పట్టేస్తే ఆ ముద్ద మొత్తం మిగతా చేపల పాలే.

ఇన్నాళ్లూ ఆ చోటుకు మన గాలం వెళ్లేది కాదు. వెళితే నాచు పట్టేసేది. మీకు ఇబ్బందిగా ఉన్న ఆ నాచే దానికి మిగిలిన ఇల్లు. పట్టేయకుండా గాలం వేయడం ఎలా అని మీరు అడుగుతున్నారు. కొన్ని చోట్ల అసలు వేయకూడదని నేను అంటున్నాను. తీగ వంగుతుందా లేదా అన్నది తర్వాతి మాట.

పెదకాకాని చెరువు
ఇది ముందే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు అన్నా.

ఉండవల్లి
అంటే నాచు కోయడం కూడా తప్పేనా? గుర్రపుడెక్క మన మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. కాలువలు కట్టేసినప్పుడు దాన్ని తీయకపోతే చివరి పొలాలకు నీళ్లే వెళ్లవు. మా చేను చివరలో ఉంది.

కొమ్మమూరు కాలువ
వేసవిలో కాలువ కట్టేశాక పూడికతో పాటు తీసేదాన్ని నేను అనడం లేదు. రైతుకు అది కావాల్సిందే. వానలు పడ్డాక ఎవరికి వారు గాలం కోసం కొడవలి వేయవద్దంటున్నాను.

సీతానగరం రేవు
నేను చిన్న సందేహం అడిగితే ఇంత పెద్ద విషయం బయటపడింది. అన్నా, నాకు నిజంగా తెలియదు. పిల్లలు ఉన్న చోటు ఎలా గుర్తుపట్టాలి?

కొమ్మమూరు కాలువ
చిన్నప్పుడు ఎర్రగా, నారింజ రంగులో ఉంటాయి. గుంపుగా పైకి లేచి గాలి పీల్చుకుని మళ్లీ దిగుతుంటే నీళ్ల మీద చినుకులు పడ్డట్టు కదులుతుంది. గాలి లేకపోయినా ఒకే చోట అలా కదిలితే ఆగి చూడు. పెరిగేకొద్దీ రంగు నల్లబడి విడిపోతాయి. అప్పుడు పెద్దది కూడా వదిలేస్తుంది.

వల ఇల్లు
సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. మా చుట్టాలు ఆ రెండు నెలలూ ఇంట్లోనే కూర్చుంటారు, కష్టమైనా ఊరుకుంటారు. సరదాకు గాలం వేసేవాళ్లు వానాకాలం ఒక్క రకం చేపను వదిలేయడం ఏమంత పెద్ద పని?

బెజవాడ బ్రెయిడ్
సరే, వినండి. పిల్లల ముద్ద కనబడితే కప్ప వేయను. ఈ మాట అందరి ముందూ రాస్తున్నాను. ఆ ఫోటో కూడా తీసేస్తాను, కుర్రాళ్లు చూసి అలా చేయకూడదు. కానీ గుర్రపుడెక్క ఉన్న ప్రతి చోటునూ వదిలేయమంటే కుదరదు.

కొమ్మమూరు కాలువ
కనబడితే వేయను అంటే చాలదు. గుడ్ల మీద ఉన్నప్పుడు మీకేమీ కనబడదు. కప్ప ఆకుల మధ్య ఖాళీలో పడగానే అది వచ్చి కరుస్తుంది, ఒడ్డుకు లాగాక గానీ మీకు తెలియదు. తొలకరి నుంచి ఈశాన్య వానలు తగ్గే దాకా గుర్రపుడెక్కలో కప్ప వేయకండి. ఆ నెలల్లో ఖాళీ నీళ్లలో బొచ్చె, శీలావతి ఉన్నాయి, జెల్లలు ఉన్నాయి. ముల్లు పక్కనుండే చిన్న మొనను నొక్కేసి పట్టి, పెద్ద చేపను వెంటనే వదిలినా నాకు అభ్యంతరమే, అది తిరిగి వెళ్లేలోపు పిల్లలు మిగలవు.

బెజవాడ బ్రెయిడ్
అన్ని నెలలు ఒప్పుకోను అన్నా. తొలకరి నుంచి దసరా దాకా ఆపుతాను. ఆ తర్వాత గుర్రపుడెక్క మీద వేస్తాను, దాని మీద మీరు ఎంత రాసినా నా మాట మారదు. సీతానగరం తమ్ముడూ, అప్పటి దాకా నువ్వు కొమ్మమూరు అన్న చెప్పినట్టు పలచటి దారానికి సీసం కట్టి, ఎర నాచు పైన ఆగేలా బెండు పెట్టుకో. తెగిన దారం మాత్రం జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లు.