చెవిలో మోత ఆగట్లేదు, ఏం ట్రీట్‌మెంట్ ఉంది?

హన్మకొండ నుంచి అడుగుతున్నాను. జిన్నింగ్ మిల్లులో 11 ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు రెండు చెవుల్లో కీచురాయి అరిచినట్టు ఒకటే మోత, పగలు అంతగా తెలియదు గానీ రాత్రి ఫ్యాన్ ఆపితే చాలు మొదలవుతుంది. ఒక క్లినిక్‌లో మూడు నెలలు గోళీలు రాశారు, డబ్బులు పోయాయి, తేడా లేదు. మందు ఉందా?

జవాబు 1: అన్నా, మోతను పూర్తిగా మాన్పే గోళీ ఇప్పటికైతే లేదు. జింకో (ఒక చెట్టు ఆకుల సారం) గోళీల మీద డబ్బు పెట్టకండి. ముందు గుబిలి అడ్డం ఉందేమో చూపించుకుని ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఈఎన్‌టీ ఉంది కదా. నాకు అలాగే వినికిడి తగ్గిందని తేలింది. చెవి మిషన్ పెట్టుకున్నాక ఇంట్లో వాళ్ల మాటలు, కుక్కర్ విజిల్ అన్నీ వినపడి, మోత వెనక్కి పోయింది.

జవాబు 2: ఫ్యాన్ ఆపకండి, లేదా ఫోన్‌లో వాన చప్పుడు సన్నగా పెట్టుకోండి. సీబీటీ అనే కౌన్సెలింగ్ కూడా అడగండి, మోత పోదు గానీ దాని మీద టెన్షన్ తగ్గుతుంది.

జవాబు 3: ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు వినిపించినా స్కానింగ్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి. ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి, స్టెరాయిడ్లు తొలి రోజుల్లో మొదలుపెడితేనే ఆశ ఎక్కువ. మా బాపు రెండు నెలలు ఆగాడు, ఆ చెవి మళ్లీ రాలేదు.