సిగార్ల కొలతలు, ఆకారాలు: పెట్టె మీది పేరును నమ్మాలా, అంకెలను నమ్మాలా?

కొత్త_పరిచయం:

అందరికీ నమస్కారం. సిగార్ల గురించి ఈ మధ్యనే తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఆకును ఎలా ఆరబెడతారు, ఎలా పులియబెడతారు అన్న విషయాలు చదివితే అర్థమవుతున్నాయి కానీ, సైజుల దగ్గరికి వచ్చేసరికి ఏమీ అంతు చిక్కడం లేదు. ఒక పెట్టె మీద రోబస్టో, 5 × 50 అని ఉంది. 5 అంటే అంగుళాలని ఊహించగలను. మరి 50 దేనికి గుర్తు? మిల్లీమీటర్లు అనుకుంటే సిగార్ మందం దాదాపు రెండు అంగుళాలు కావాలి, అది అసాధ్యమని చూస్తేనే తెలుస్తోంది. పైగా మరో తయారీదారు రోబస్టో మీద 4¾ × 52 అని వేశారు. పేరు ఒకటే అయినప్పుడు కొలతలు ఎందుకు మారాయి?

కరోనా, టోరో, చర్చిల్, లాన్సెరో, టార్పెడో వంటి పేర్లలో కొన్ని పొడవును, కొన్ని ఆకారాన్ని సూచిస్తున్నట్టు అనిపిస్తోంది. ఏది దేన్ని చెబుతుందో దయచేసి వివరించండి. లావు సిగార్ ఘాటుగా ఉంటుందని కొందరు, సన్ననిదే ఘాటని మరికొందరు అంటున్నారు. ఇందులో ఏది నిజమో కూడా చెప్పగలరు.

పాత_పొగాకు:

ముందుగా ఆ 50 సంగతి చూద్దాం. దాన్ని రింగ్ గేజ్ అంటారు. అది సిగార్ వ్యాసాన్ని అంగుళంలో 64వ వంతుల లెక్కన చెప్పే అంకె. అంటే 64 రింగ్ గేజ్ ఉన్న సిగార్ సరిగ్గా అంగుళం మందం ఉంటుంది. మీరు చూసిన 50 గేజ్ సిగార్ మందం అంగుళంలో 64 భాగాలకు 50 భాగాలు, అంటే సుమారు 19.8 మిల్లీమీటర్లు. 42 గేజ్ అంటే సుమారు 16.7 మిల్లీమీటర్లు, 38 అంటే 15 మిల్లీమీటర్ల పైచిలుకు. మొదటి అంకె పొడవు, రెండో అంకె మందం అన్న ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

పేర్ల విషయానికి వస్తే, రోబస్టో అంటే ఇంతే ఉండాలని ప్రపంచంలోని తయారీదారులందరినీ కట్టిపడేసే నియమం ఏదీ లేదు. రెడీమేడ్ చొక్కా మీద మీడియం అని రాసి ఉన్నా ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉన్నట్టే, ఇక్కడ కూడా పేరు ఒక ఉజ్జాయింపు మాత్రమే. అందుకే పేరును పరిచయంగా తీసుకుని, నిర్ణయానికి మాత్రం అంకెల మీద ఆధారపడాలని నా అభిప్రాయం.

ఈ విషయంలో క్యూబా పద్ధతి కొంత వేరు. అక్కడ ప్రతి కొలతకూ ఫ్యాక్టరీలో వాడే పేరు ఒకటి, పెట్టె మీద అమ్మకానికి వాడే పేరు మరొకటి ఉంటాయి. మొదటిదాన్ని విటోలా దె గలేరా అనీ, రెండోదాన్ని విటోలా దె సలీదా అనీ అంటారు. ఫ్యాక్టరీ పేరుకు కొలత స్థిరంగా ఉంటుంది. ఉదాహరణకు మారేవా అంటే 129 మిల్లీమీటర్ల పొడవు, 42 గేజ్. ఆ కొలతతో చుట్టిన సిగార్ మాంటెక్రిస్టో పెట్టెలోకి వెళ్తే దాని పేరు నంబర్ 4 అవుతుంది. అలాగే హూలియెటా నంబర్ 2 అన్న ఫ్యాక్టరీ కొలత 178 మిల్లీమీటర్లు, 47 గేజ్. రోమియో ఇ హూలియెటా బ్రాండు కింద విన్‌స్టన్ చర్చిల్ పేరుతో ప్రసిద్ధమైన సిగార్ అదే. లాన్సెరో అసలు ఫ్యాక్టరీ పేరు లాగీటో నంబర్ 1, కొలత 192 మిల్లీమీటర్లు, 38 గేజ్. హవానాలో కొహీబా సిగార్లను తయారుచేసిన ఎల్ లాగీటో ఫ్యాక్టరీ నుంచి ఆ పేరు వచ్చింది.

పెట్టె మీద నంబర్ కనిపించగానే అది కొలత అనుకోకండి. మాంటెక్రిస్టోలో నంబర్ 1 పొడవు 165 మిల్లీమీటర్లు, నంబర్ 3 పొడవు 142, నంబర్ 4 పొడవు 129, అన్నీ 42 గేజే. ఇంతవరకు ఒక క్రమం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ మధ్యలో ఉన్న నంబర్ 2 మాత్రం 156 మిల్లీమీటర్ల పొడవు, 52 గేజ్, కూచిగా ముగిసే తలతో పూర్తిగా వేరే ఆకారంలో ఉంటుంది. దీనికి భిన్నంగా 2010లో వచ్చిన కొహీబా బెహీకే సిగార్ల పేర్లలోని 52, 54, 56 అంకెలు నిజంగానే రింగ్ గేజ్‌లు.

ఇక తిన్నని సిగార్ల వరుసను గుర్తుపెట్టుకోవడానికి కరోనాను మధ్యలో నిలబెట్టుకోండి. అది సుమారు ఐదున్నర అంగుళాల పొడవు, 42 గేజ్. దాన్ని కురచ చేస్తే పెటీ కరోనా, అదే మందంతో ఆరున్నర అంగుళాల దాకా సాగదీస్తే లాన్స్‌డేల్. కురచగా ఉంచి లావు చేస్తే రోబస్టో, ఆ రోబస్టోకు ఒక అంగుళం కలిపితే టోరో. ఏడు అంగుళాల దగ్గర చర్చిల్, అంతకన్నా పొడుగ్గా, సుమారు 49 గేజ్‌తో డబుల్ కరోనా వస్తాయి. 60 గేజ్ దగ్గర ఉండేవాటిని గోర్డో అంటారు. సన్నగా, పొడుగ్గా ఉండేవి పనాటెలా, లాన్సెరోలు.

లెక్కల_పిచ్చి:

పై జవాబుతో ఏకీభవిస్తూ, ఘాటు గురించిన ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఆ ఇద్దరిలో ఎవరి మాటా పూర్తిగా నిజం కాదు. ఘాటును ప్రధానంగా నిర్ణయించేది లోపల ఏ ఆకు నింపారన్నది. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలే ఆకులను లిహేరో అంటారు; అవి దళసరిగా, ఘాటుగా ఉంటాయి, నెమ్మదిగా కాలుతాయి. మధ్య ఆకులైన సేకో సువాసనకు, కింది ఆకులైన వొలాడో చక్కగా మండడానికి పనికొస్తాయి. లిహేరో ఎక్కువ వేసిన సన్నని సిగార్, అసలు వేయని లావు సిగార్ కన్నా చాలా ఘాటుగా ఉండగలదు. కనుక కొలతను చూసి ఘాటును ఊహించడం కుదరదు. పైఆకు రంగును చూసి ఊహించడం కూడా అంతే పొరపాటు, కాని అది వేరే చర్చ.

అయితే మందం వల్ల మారేవి కొన్ని ఉన్నాయి. సిగార్‌లో పైన చుట్టే ఆకు చుట్టుకొలత మీద ఆధారపడుతుంది, లోపల నింపే ఆకు అడ్డుకోత వైశాల్యం మీద ఆధారపడుతుంది. వ్యాసం పెరిగేకొద్దీ చుట్టుకొలత అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వైశాల్యం మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. అందువల్ల 38 గేజ్ సిగార్‌లో, లోపలి ఆకుతో పోలిస్తే పైఆకు వాటా, 50 గేజ్ సిగార్‌లో కన్నా సుమారు 32 శాతం ఎక్కువ. పైఆకు రుచిని తెలుసుకోవాలనుకునేవారు లాన్సెరోను ఎందుకు ఇష్టపడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. లావు సిగార్‌లో నాలుగైదు రకాల ఆకులను కలిపే వీలు ఎక్కువ, పొగ కాస్త చల్లగా వస్తుంది. సన్నని సిగార్‌ను తొందరపడి పీలిస్తే త్వరగా వేడెక్కి చేదెక్కుతుంది.

పొగాకు పరిమాణం విషయంలో కళ్లను అసలు నమ్మకూడదు. పొడవును మందం వర్గంతో గుణించి చూస్తే, ఐదు అంగుళాల 50 గేజ్ రోబస్టోలో, ఏడున్నర అంగుళాల 38 గేజ్ లాన్సెరోలో కన్నా దాదాపు 15 శాతం ఎక్కువ పొగాకు పడుతుంది. 6 × 50 టోరోకూ 7 × 47 చర్చిల్‌కూ తేడా మూడు శాతమే. 6 × 60 గోర్డోలోనైతే ఒక కరోనాకు రెండింతలకు పైగా ఉంటుంది. ఇవన్నీ ఒకే బిగువుతో చుట్టారనుకుని వేసిన లెక్కలు. చేతితో చుట్టే వస్తువు కనుక కొంచెం అటూ ఇటూ అవుతుంది.

తెల్ల_కోటు:

పరిమాణం మాట వచ్చింది కనుక ఒక విషయం చేర్చడం అవసరం. ఒక పెద్ద సిగార్‌లో ఒక పెట్టె సిగరెట్లలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కనుక హాని లేదనుకోవడం సరి కాదు. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ కావడం వల్ల నికోటిన్ నోటి లోపలి పొర ద్వారానే రక్తంలోకి చేరుతుంది. నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు సిగార్లు కారణమవుతాయన్నది నిర్ధారణ అయిన విషయం. కొత్తవారు పెద్ద సిగార్‌తో మొదలుపెట్టి తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం గురించి ఫిర్యాదు చేస్తుంటారు. దానికి సాధారణంగా కారణం నికోటిన్ మోతాదే. కాబట్టి రింగ్ గేజ్‌ను రుచికి సంబంధించిన అంకెగానే కాక మోతాదుకు సంబంధించిన అంకెగా కూడా చదవడం మంచిది.

కొత్త_పరిచయం:

అందరికీ కృతజ్ఞతలు. పొట్టి రోబస్టోలో పొడుగు లాన్సెరో కన్నా ఎక్కువ పొగాకు ఉంటుందని నేను ఊహించనే లేదు. నంబర్ 2 ఆకారం వేరన్నారు కదా, ఆ కూచి తలల సిగార్ల గురించి కూడా చెబుతారా? పిరమిడ్, టార్పెడో, బెలికోసో అన్నీ నా కంటికి ఒకేలా ఉన్నాయి. మరొకటి, కొన్ని జాబితాల్లో మందాన్ని 19.84 అని మిల్లీమీటర్లలోనే ఇస్తున్నారు. దాన్ని గేజ్‌లోకి ఎలా మార్చాలి?

చుట్టే_చేయి:

ఇంతవరకు చెప్పిన తిన్నని సిగార్లను పరేహోలు అంటారు. మొదటి నుంచి చివరి దాకా మందం మారకుండా ఉండి, నోట్లో పెట్టుకునే కొస గుండ్రంగా మూసి ఉంటుంది. ఎక్కడో ఒకచోట మందం మారేవన్నీ ఫిగురాడోలు. మీరు అడిగిన మూడూ ఈ రెండో కుటుంబానికి చెందినవే.

పిరమిడ్‌లో వెలిగించే కొస దగ్గర మందం ఎక్కువగా ఉండి, తల వైపు పోయేకొద్దీ క్రమంగా సన్నబడుతుంది. టార్పెడో అన్న పేరును పట్టింపు ఉన్నవారు వెలిగించే కొస కూడా మూసుకుని, నడుమ ఉబ్బి, తల కూచిగా ఉన్నవాటికే వాడతారు. కానీ నేడు బజారులో టార్పెడో పేరుతో దొరికేవాటిలో ఎక్కువ భాగం, ఒళ్లంతా తిన్నగా ఉండి తల దగ్గర మాత్రం మొనదేలినవే. బెలికోసో వీటికన్నా కురచ, దాని మొన కాస్త మొద్దుగా ఉంటుంది. మీ కంటికి మూడూ ఒకేలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే తయారీదారులే ఈ పేర్లను ఇష్టం వచ్చినట్టు మార్చి వాడుతున్నారు.

రెండు కొసలూ సన్నబడి నడుమ లావుగా ఉండేది పర్ఫెక్టో. అదే పెద్ద ఎత్తున చేస్తే సలోమోన్. క్యూబా కొలతలో అది 184 మిల్లీమీటర్ల పొడవు, 57 గేజ్. వెలిగించినప్పుడు కొస సన్నగా ఉండడం వల్ల మొదట పొగ కొంచెమే వచ్చి, నిప్పు నడుము దగ్గరికి చేరేసరికి రుచి విప్పారుతుంది. నాకు ఫిగురాడోల్లో అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఈ మార్పే. కులేబ్రా అనేది మరీ వింతైనది: మూడు సన్నని సిగార్లను జడలా మెలివేసి కట్టి అమ్ముతారు, విప్పి ఒక్కొక్కటిగా కాలుస్తారు. నలుపలకలుగా నొక్కిన సిగార్లు కూడా మీకు కనిపించవచ్చు. అవి గుండ్రంగా చుట్టిన తర్వాత పెట్టెలో ఒత్తిడికి ఆకారం మారినవే కనుక ఫిగురాడోలుగా లెక్కించరు.

ఫిగురాడోలను చుట్టడం కష్టం. సన్నబడే చోట లోపలి ఆకు గుట్టగా చేరితే పొగ రాదు, పలచబడితే అక్కడ మెత్తబడి వేడెక్కుతుంది. అందుకే ఈ పని చేయి తిరిగినవారికే అప్పగిస్తారు, ధర కూడా తరచుగా ఆ మేరకు పెరుగుతుంది. కత్తిరించడంలోనూ ఒక సౌకర్యం ఉంది. పరేహో తలను మూతగా అతికించిన ఆకుముక్క మేరకే కోయాలి, అది దాటితే పైఆకు ఊడివస్తుంది. కూచి తలను ముందు కొంచెమే కోసి, వెలిగించకుండానే పీల్చి చూసి, బిగువుగా అనిపిస్తే మరికొంచెం కోసుకోవచ్చు. గుండ్రటి రంధ్రం చేసే పంచ్ మాత్రం వీటికి పనికిరాదు, అది లావు పరేహోల పనిముట్టు.

పాత_పొగాకు:

మిల్లీమీటర్లను గేజ్‌లోకి మార్చడానికి 0.4తో భాగిస్తే సరిపోతుంది. ఒక గేజ్ అంటే నిజానికి 0.397 మిల్లీమీటర్లు, ఆ తేడా చేతి లెక్కకు అడ్డు రాదు. మీ 19.84ను అలా భాగిస్తే 49.6 వస్తుంది, దగ్గరి అంకెకు సవరిస్తే 50. అదే జాబితాలో పొడవు 124 అని కూడా ఉంటే అది క్యూబా రోబస్టో. మీరు రెండో పెట్టె మీద చూసిన 4¾ × 52 దానికన్నా సుమారు మూడు మిల్లీమీటర్లు కురచ, మిల్లీమీటరు కన్నా తక్కువ తేడాతో లావు. కొలతల ప్రభావాన్ని పోల్చి చూడాలనుకుంటే ఇలాంటి రెండు వేర్వేరు బ్రాండ్ల రోబస్టోలను పక్కపక్కన పెట్టకండి, ఎందుకంటే వాటి మధ్య తేడా కొలత వల్ల కన్నా ఆకు వల్లే ఎక్కువగా వస్తుంది. ఒకే బ్రాండులో, ఒకే మిశ్రమంతో చేసిన కరోనానూ టోరోనూ వేర్వేరు రోజుల్లో పోల్చితే మందం చేసే పని ఏమిటో విడిగా తెలుస్తుంది. అప్పుడు కూడా, కొందరు తయారీదారులు సన్నని కొలతకు తగినట్టు లోపలి ఆకుల పాళ్లను సవరిస్తారన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.