పాత బొలెరో పికప్ మైలేజీ పడిపోతే ముందు డీజిల్ పంపు విప్పాలా, చక్రాలు చూడాలా?

మిర్చిలోడు:
2011 మోడల్ బొలెరో పికప్, డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) టర్బో, మెకానికల్ డీజిల్ పంపు. గుంటూరు మిర్చి యార్డు నుంచి విజయవాడకు లోడు, నెలకు 3,000 కి.మీ. దాకా తిరుగుతుంది. లోడు మీద లీటరుకు 13 కి.మీ. ఇచ్చే బండి ఇప్పుడు 10 దాటట్లేదు. విజయవాడ దగ్గర కృష్ణా వారధి ఎక్కేటప్పుడు నల్లపొగ కూడా కనిపిస్తోంది. ఇంజిన్ ఆయిల్ మాత్రం తగ్గట్లేదు. పంపు కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేసి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లూ మార్చాలని ఆటోనగర్‌లో అంటున్నారు. తప్పు పంపులోనే ఉందని ఎలా తేల్చుకోవాలి?

నాజిల్‌బెంచి:
లక్షణాలన్నీ నాజిల్ వైపే చూపిస్తున్నాయండి. కి.మీ. పెరిగేకొద్దీ నాజిల్ ఉండే ఇంజెక్టర్‌లోని స్ప్రింగు నీరసిస్తుంది, నాజిల్ తెరుచుకునే ప్రెజర్ పడిపోతుంది. అప్పుడు డీజిల్ సన్నటి మంచులా కాకుండా లావు చుక్కలుగా పడుతుంది. లావు చుక్క పూర్తిగా కాలదు, అదే నల్లపొగ. నాలుగింటినీ విప్పి టెస్టర్ మీద పెట్టించండి. తెరుచుకునే ప్రెజర్ మాన్యువల్‌లో ఉన్నంత ఉందా, స్ప్రే అన్ని రంధ్రాల నుంచీ సమానంగా వస్తోందా చూడాలి. తర్వాత ఆ ప్రెజర్‌కి 20 బార్ తక్కువలో పట్టి ఉంచితే 10 సెకన్ల పాటు కొనమీద చుక్క కట్టకూడదు. ప్రెజర్ ఒక్కటే తగ్గి ఉంటే స్ప్రింగుకి షిమ్ము (పల్చటి రేకు) వేస్తే సరిపోతుంది, నాజిల్ మార్చక్కర్లేదు. చుక్క కారితేనే మార్చాలి. తిరిగి బిగించేటప్పుడు కాపర్ వాషర్లు మాత్రం కొత్తవే వేయించండి. పాతది వేస్తే కంప్రెషన్ టుస్సుమని పక్కనుంచి పోతుంది.

డ్రమ్ముగ్రీజు:
మైలేజీ పడిందంటే చాలు, పంపు విప్పమంటారు! అసలు 13 అనేది ఎలా కొలిచారు? ట్యాంకు ఫుల్ చేసి, 300 కి.మీ. తిప్పి, అదే బంకులో అదే గన్‌తో మళ్లీ ఫుల్ చేస్తే వచ్చేదే లెక్క. 500 రూపాయలకు కొట్టించి ముల్లు చూసి చెప్పేది లెక్క కాదు. మధ్యలో టైర్ల సైజు మారినా ఓడోమీటరు అబద్ధం చెబుతుంది. చక్రం వ్యాసం 4 శాతం పెరిగితే మీటరు చూపే 10 నిజానికి 10.4.

లెక్క సరిగ్గానే ఉందంటే ముందు చక్రాలు. ఖాళీ రోడ్డు మీద 10 కి.మీ. నడిపి, చివర్లో బ్రేకు వాడకుండా దానంతటదే ఆగనిచ్చి, నాలుగు చక్రాల వేడి చూడండి. చెయ్యి పెట్టకండి, కాలుతుంది. టెంపరేచర్ గన్ లేకపోతే నీళ్లు చిలకరించండి. ఒకే యాక్సిల్‌కి ఎడమా కుడీ తేడా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టే. ఆ చక్రం జాకీ మీద లేపి బ్రేకు ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిప్పుల్ కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందంటే ప్రెజర్ వెనక్కి రావట్లేదని అర్థం: బ్రేకు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్. అప్పటికీ వదలకపోతే వీల్ సిలిండర్ తుప్పు, షూ రిటర్న్ స్ప్రింగు, హ్యాండ్ బ్రేకు కేబులు. లైనింగ్ కొత్తగా మార్పించిన బండికి షూ మరీ బిగించేసి ఉండటం మామూలే.

ఐదోగేరు:
ఇద్దరూ స్పీడు మాటే ఎత్తలేదు. గాలి తోపు స్పీడు వర్గంతో పెరుగుతుంది. 60 మీద ఉన్న దానికి 80 మీద 78 శాతం ఎక్కువ. గుంటూరు నుంచి వారధి దాకా చదునైన రోడ్డు, ఎక్కడా ఘాట్ రోడ్డు లేదు, కాబట్టి డీజిల్ పోయేది గాలికీ టైర్లకే. ఆ 35 కి.మీ.లో 80కీ 60కీ తేడా 9 నిమిషాలు. పట్టా వదులుగా కట్టి టపటపా కొట్టుకుంటుంటే ఇంకా దండగ. అలాగని 40 మీద టాప్ గేరులో పడేసి ఇంజిన్‌ని మూలిగించకండి, దానికీ నల్లపొగే వస్తుంది.

నాజిల్‌బెంచి:
స్పీడు మాట నిజమేనండి. కానీ డ్రైవరూ రోడ్డూ లోడూ అవే అయినప్పుడు 13 కాస్తా 10 ఎందుకైందనేది ప్రశ్న. గాలి నిన్న కొత్తగా పుట్టలేదు కదా! ఇక డబ్బు లెక్క. 3,000 కి.మీ.కి 10 చొప్పున 300 లీటర్లు, 13 చొప్పున 231. లీటరు 97 అనుకుంటే నెలకు 6,700 దాకా తేడా. ఆ లెక్కన నాజిల్ ఖర్చు తిరిగి రావడానికి ఎంతో కాలం పట్టదు.

డ్రమ్ముగ్రీజు:
తప్పు నాజిల్‌లో ఉంటే తిరిగొస్తుంది, లేకపోతే అదీ గోవిందా. బ్రేకు పట్టిన బండికి యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాలి, ఎక్కువ తొక్కితే పొగ రాదా?

ల్యాబుకోటు:
ఈ తగువు తీర్చే కాగితం డ్యాష్‌బోర్డులోనే ఉంటుంది: పొల్యూషన్ స్లిప్పు. డీజిల్ బండికి ఆ పరీక్ష న్యూట్రల్‌లో, ఉన్నచోటే రేస్ చేసి చేస్తారు. చక్రాలు తిరగవు కాబట్టి బ్రేకు, టైరు, గాలి ఏవీ అందులో లెక్కకు రావు. పాత స్లిప్పులో పొగ రీడింగు ఎంతో, ఇప్పుడు ఎంతో పక్కపక్కన పెట్టండి. పెరిగి ఉంటే ఇంజిన్. పెరగకపోతే డ్రమ్ముగ్రీజు గారు చెప్పిన దారి. బీఎస్-4కి ముందు బండ్లకు పరిమితి 65 హెచ్‌ఎస్‌యూ (పొగ నలుపు కొలిచే యూనిట్) కాబట్టి పాస్ అయిందని సంతోషపడకండి, మనకు కావలసింది తేడా. ఒక్క మెలిక ఉంది. ఉన్నచోట రేస్ చేస్తే టర్బో ప్రెజర్ పూర్తిగా కట్టదు. అందువల్ల టర్బో హోసు చిరుగు ఈ పరీక్షలో బయటపడకపోవచ్చు.

పొగగొట్టం:
ఈజీఆర్‌కి (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) రేకు వేసి మూసేయండి బాస్, సగం మంది అదే చేస్తున్నారు.

ల్యాబుకోటు:
అది చట్టప్రకారం తప్పు, పైగా మీరనుకున్న లాభం రాదు. ఈజీఆర్ పనిచేసేది సగం లోడు దగ్గర. వారధి ఎక్కేటప్పుడు అది ఎలాగూ మూసే ఉండాలి. మసి పట్టి తెరుచుకుపోయి ఉంటేనే నష్టం, దానికి మందు విప్పి మసి గీకడం. దాన్ని తెరిచే వాక్యూమ్ డయాఫ్రమ్ పట్టు నిలుపుతోందో లేదో అప్పుడే చూడాలి. మైలేజీ పెంచుతాయంటూ డీజిల్ పైపుకి కట్టే మాగ్నెట్ల జోలికి అసలు పోకండి.

డ్రమ్ముగ్రీజు:
ఇంకోటి, మన ఊళ్ల జబ్బు. ఎండాకాలం హీట్ ఎక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపేది) పీకేసి పారేస్తారు. తర్వాత ఎవరికీ గుర్తుండదు. మంగళగిరి దాటినా టెంపరేచర్ ముల్లు పావు దగ్గరే ఉందంటే హౌసింగ్ విప్పి చూడండి, లోపల ఖాళీగా ఉంటుంది. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, రాపిడి ఎక్కువ, డీజిల్ సరిగా కాలదు. కొత్త వాల్వుని గిన్నెలో నీళ్లు పోసి థర్మామీటరు పెట్టి కాచి చూస్తే, దాని మీద అచ్చేసిన డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి.

మిర్చిలోడు:
వాల్వు తీసేస్తేనే ఇంజిన్ చల్లగా ఉంటుందంటారు కదండీ?

ల్యాబుకోటు:
అన్ని ఇంజిన్లకీ కాదు. కొన్నింట్లో ఆ వాల్వు తెరుచుకుంటూ బైపాస్ దారిని మూస్తుంది. అది పీకేస్తే కొన్ని నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే చుట్టూ తిరుగుతాయి, లోడు మీద హీట్ ఇంకా పెరుగుతుంది. హీట్ ఎక్కితే రేడియేటర్ కడిగించి, ఫ్యాన్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ని కలిపి, వదిలేది) చూడాలి. అది బిగుసుకుపోతే ఫ్యాన్ ఎప్పుడూ హోరెత్తుతూనే ఉంటుంది, ఆ హోరుకీ డీజిలే.

మిర్చిలోడు:
స్లిప్పులు తీశాను. పోయినేడు 38, ఇప్పుడు 57. ఎయిర్ ఫిల్టర్ కిందటి నెలే మార్చాం. చక్రాల్లో ఎడమ వెనకది కొంచెం వేడిగా ఉంది. ముల్లు సగం దగ్గరే నిలుస్తోంది.

నాజిల్‌బెంచి:
38 నుంచి 57 అంటే ఇంజిన్‌లో తేడా ఉన్నట్టే. నాజిళ్లు దింపండి.

డ్రమ్ముగ్రీజు:
దింపండి, కాదనను. ఎడమ వెనకది మాత్రం ఈ రోజే విప్పండి, అది ఊరికే పోయే డీజిల్.

ల్యాబుకోటు:
నాజిళ్ల కంటే ముందు అరగంట పని ఒకటి. టర్బో నుంచి ఇంటేక్ దాకా హోసు క్లిప్పులు తుడిచి, ఒక ట్రిప్పు తిప్పి, ఎక్కడైనా ఆయిల్ మసి కొత్తగా పట్టిందేమో చూడండి. అనుమానం ఉంటే రెండు చివర్లూ మూసి 10 పీఎస్ఐ మించకుండా గాలి పెట్టి సబ్బునీళ్లు పూయండి. గాలి అక్కడ పోతుంటే నాజిల్ ఎంత కొత్తదైనా పొగ ఆగదు.

నాజిల్‌బెంచి:
ఒప్పుకుంటున్నా. పంపు కాలిబ్రేషన్ బెంచి ఎక్కించాల్సి వస్తే ఒక్క మాట ముందే చెప్పండి: "లాగుడు లేదు" అనొద్దు. ఆ మాట వింటే మ్యాక్స్ ఫ్యూయల్ స్క్రూ పావు చుట్టు తిప్పి ఇచ్చే వాళ్లున్నారు. బండి గుర్రంలా లాగుతుంది, డీజిలూ అలాగే తాగుతుంది. కంపెనీ చార్టు ప్రకారమే డెలివరీ పెట్టమనండి. వెయ్యి స్ట్రోకులకు ఏ సిలిండర్‌కి ఎన్ని సీసీ వచ్చిందో కాగితం మీద రాయించుకుని, స్క్రూకి సీలు వేయించాకే బండి తీసుకోండి.