దుబాయ్‌లో పచ్చళ్ళ యూనిట్: సీసాలు, నూనె ఇచ్చేవాళ్ళను నమ్మేదెట్లా?

అడిగినవారు (మిర్యాలగూడ): అందరికీ నమస్తే. మాది చిన్న పచ్చళ్ళ యూనిట్. దుబాయ్‌లో ఉన్న మా బావమరిదితో కలిసి అక్కడ కూడా ఒకటి పెడదామనుకుంటున్నాం. కారం, ఆవపిండి ఇక్కడి నుంచి పంపుతాం. గాజు సీసాలు, మూతలు, నువ్వుల నూనె మాత్రం అక్కడే కొనాలి. నెట్‌లో చూస్తే ప్రతివాడూ నంబర్ వన్నే. సీసాలాయన సగం డబ్బు ముందే వేయమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు (దేవరకొండ, ఇప్పుడు దుబాయ్): తమ్ముడూ, ముందు డబ్బు ఆపు. ఆయన ట్రేడ్ లైసెన్స్ కాపీ తెప్పించుకో. ఆ నంబరును యూఏఈ ప్రభుత్వ నేషనల్ ఎకనామిక్ రిజిస్టర్ సైట్‌లో కొట్టు. గడువు ఉందా అనేదొక్కటే కాదు, ఏ వ్యాపారానికి ఇచ్చారో కూడా చూడు. ఖాతా కంపెనీ పేరు మీదే ఉండాలి. మేనేజర్ సొంత ఖాతాకు వేయమంటే అక్కడితో మాటలు బంద్.

నూనె, దినుసులకు మీ బావమరిదిని దేరాలోని అల్ రాస్ హోల్‌సేల్ బజారుకు పంపు. ఫోన్‌లో బేరాలొద్దు. నాలుగు రోజులు వరసగా వెళ్ళి ఎవరి గోదాంలో సరుకు కదులుతోందో చూడమను. మన దగ్గర బత్తాయి తోట గుత్తకు పట్టేవాడు చెట్లు చూడకుండా బయానా ఇస్తాడా?

జవాబు (నారాయణపేట): అన్నా, నేను సీసాల దగ్గరే దెబ్బతిన్నా. శాంపిల్ బంగారంలా వచ్చింది. లోడు దిగాక మూతలు వేరే రకం. పచ్చడి పెట్టిన వారానికి డబ్బాల అడుగున అట్టంతా ఎర్రగా నానిపోయింది. అడిగితే "మీరు గట్టిగా బిగించలేదు" అన్నాడు.

ఇప్పుడు నా పద్ధతి ఒకటే. లోడులో ఎక్కడెక్కడి నుంచో ఇరవై సీసాలు తీస్తా. వాటిలో నూనె పోసి, మూత బిగించి, పాత పేపరు మీద రాత్రంతా బోర్లిస్తా. నీళ్ళతో చూసి మురిసిపోకండి, నీళ్ళు ఆగిన చోట నూనె కారుతుంది. పొద్దున పేపరు మీద మరక కనపడితే సరుకు వెనక్కే. ఈ షరతు ఆర్డరు కాగితంలో ముందే రాయించుకోండి, మూత కొలత, లోపలి పూత రకంతో సహా.

జవాబు (మహబూబ్‌నగర్, బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను): పెద్ద ఆర్డరైతే ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకు కాగితాలు చూపిస్తే అమ్మినవాడికి డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ) తెరవండి. కానీ ఎల్‌సీ ఉంది కదా అని నిద్రపోవద్దు. బ్యాంకు చూసేది కాగితాలే, సీసాలను కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే లోపల పగిలిన గాజున్నా డబ్బు కట్టేస్తుంది. అందుకే ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్ లాంటి సంస్థ ఇచ్చే తనిఖీ సర్టిఫికెట్ కూడా జతచేయాలని ఎల్‌సీలోనే రాయించండి. చిన్న ఆర్డరుకు ఎల్‌సీ ఖర్చు దండగ, కొంచెం అడ్వాన్సు ఇచ్చి, మిగతాది సరుకు చూశాక ఇవ్వండి. మధ్యలో "మా ఖాతా మారింది" అని మెయిల్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి, ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.

అడిగినవారు: సార్, అక్కా, అన్నా, అందరికీ థ్యాంక్స్. లైసెన్స్ కాపీ అడిగాను. రేపు పంపుతా అన్నాడు, మూడు రోజులైంది.

జవాబు (దేవరకొండ, ఇప్పుడు దుబాయ్): ఇంకేం చూస్తావు తమ్ముడూ, వేరేవాళ్ళను వెతుకు. లేబుళ్ళ మీద అరబిక్ తప్పనిసరి, దుబాయ్ మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మాత్రం వేలకు వేలు ప్రింట్ కొట్టించకు.