‘అన్‌డూ’కి ‘రద్దు’ సరిపోతుందా?

కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక చిన్న పాఠం రాస్తున్నాను. పొరపాటున డిలీట్ చేసిన ఫైళ్ళు, ఎక్కడికో లాగిపడేసిన ఫైళ్ళు మళ్ళీ ఎలా దొరకబుచ్చుకోవాలన్నది విషయం. చేసిన పనిని వెనక్కి తిప్పే ‘అన్‌డూ’ మీట, కంట్రోల్ జెడ్ దగ్గర ఆగాను. ‘చర్య రద్దు’ అనొచ్చా?

— వద్దండీ. కాపీ సగంలో ఆపేసే ‘క్యాన్సిల్’కి కూడా రద్దే అంటాం. అది నడుస్తున్న పని ఆపడం, ఇది అయిపోయిన పని మీద. రెండిటికీ ఒకే మాటైతే చదివేవాడికి టెన్షన్.

— చట్టం రద్దు చేస్తారు కదా, అది అమల్లో ఉన్నదేగా?

— చట్టం రద్దయితే దాని కింద కట్టిన జరిమానాలు తిరిగొస్తాయా? ఇక్కడ ఫైల్ పాత ఫోల్డర్‌కి రావాలి.

— ‘వెనక్కి తెచ్చు’ అంటే?

— అదీ పూర్తిగా కుదరదు. విండోస్‌లో ఫైల్ చోటు మారిస్తే కంట్రోల్ జెడ్‌తో పాతచోటికి వస్తుంది, పేరు మారిస్తే పాతపేరు వస్తుంది, డిలీట్ చేస్తే, డిలీట్ చేసినవి చేరే బుట్ట అయిన రీసైకిల్ బిన్‌లోంచి లేచి వస్తుంది. కానీ కాపీ చేశాక నొక్కితే ఆ కాపీయే పోతుంది! తెచ్చింది ఏముంది? పైగా దీనికి వరస ఉంది. ముడి మీద ముడి వేస్తే చివరిది ముందు విప్పాలి చూడండి, అలాగ. డిలీట్ చేశాక ఇంకో ఫైల్ పేరు మార్చి కంట్రోల్ జెడ్ నొక్కితే ముందు ఆ పేరే మారుతుంది.

— బిన్ తెరిచి ‘రీస్టోర్’ నొక్కితే వరసతో పనిలేదు, కావలసిన ఫైలే ఎంచుకోవచ్చు. దానికి ‘పునరుద్ధరించు’ అంటున్నారు. నాకైతే గుడి గోపురం గుర్తొస్తుంది. మ్యాక్‌లో ‘పుట్ బ్యాక్’ అని ఉంటుంది, ‘తిరిగి పెట్టు’ చాలదూ?

— షిఫ్ట్ డిలీట్, అంటే షిఫ్ట్ మీట పట్టుకుని డిలీట్ నొక్కడం, సంగతి కూడా రాయండి. అది బిన్‌కి పోదు, కంట్రోల్ జెడ్‌కీ లొంగదు. ‘తొలగించు’ అని ఊరుకుంటే ఈ తేడా తెలీదు. ‘బిన్‌లో వేయి’, ‘పూర్తిగా తొలగించు’ అని విడదీయండి.

— సరే. ‘అన్‌డూ’ అలాగే ఉంచి, పక్కన ‘చివరగా చేసిన పనిని వెనక్కి తిప్పు’ అని రాస్తాను. కాపీకీ సరిపోతుంది. రీస్టోర్‌కి ‘తిరిగి పెట్టు’. ‘పునరుద్ధరించు’ కొట్టేశాను.